తుడుపు లేని గోడ

“నువ్వు కట్టిన గోడ మీద గీ ఒక్క మాట నువ్వే తుడువలేవా?”

పొద్దున్నుంచి సుమన ఇదే అడుగుతోంది. పొద్దున్నుంచి పరశురాం ఇదే జవాబు చెబుతున్నాడు.

“తుడువరాదు సుమనా. నేనే గట్ల కట్టిన.”

“ఎందుకు కట్టినవ్ మరి? ఇల్లు కట్టినోడు తలుపు వెట్టుకోడా?”

“తలుపు వెడితే తాళం ఉంటది. తాళం ఉంటే ఎవని చేతుల్నో ఉంటది. మల్ల అదే కథ.”

సుమన తరుగుతున్న బెండకాయలను పక్కకు తోసింది. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు. తొంభైలలో ఊళ్ళోకి డిష్ వచ్చినప్పుడు ఖిల్లా కింది గల్లీలో ఇంటింటికీ కేబుల్ లాగినవాడు పరశురామే. తర్వాత పట్నం నుంచి పెద్ద కంపెనీ ఒకటి వచ్చి ఆ తీగలన్నీ తన కింద వేసుకుంది. తెలంగాణ ఉద్యమం మొదలైన రోజుల్లో ఆ కంపెనీవాడు ఎక్కడో కూర్చుని మీట నొక్కితే ఇక్కడ వార్తల ఛానల్ పోయింది. గల్లీవాళ్ళు కంపెనీని తిట్టలేదు, కళ్ళెదుట ఉన్న పరశురాంను తిట్టారు. అప్పటినుంచి అతనికి మీట అన్నా, ఆఫీసు అన్నా ఒళ్ళు మంట.

అందుకే గల్లీ నెట్ పెట్టాడు. ఇంటింటి స్లాబు మీదా ఒక వైఫై డబ్బా, డబ్బాలో రాసిందంతా దాచుకునే ఒక పెన్‌డ్రైవు. ఒక ఇంట్లో రాసింది పక్కింటి డబ్బా అందుకుంటుంది, అది ఆ పక్క ఇంటికి అందిస్తుంది. అందరూ రాసుకునే పేజీకి గల్లీవాళ్ళే గోడ అని పేరు పెట్టారు. పేరు చెప్పకుండా ఎవరైనా రాయొచ్చు. దీనికి ఆఫీసు లేదు, పెద్ద లేడు, యజమాని లేడు. యజమాని లేని నెట్‌కు యజమాని భార్య మాత్రం ఉంది. ఎవరింట్లో డబ్బా ఆగినా వాళ్ళు నేరుగా వచ్చి సుమన తలుపే తట్టేవారు. అన్నం ముందు కూర్చున్నా సరే, తల మీద నీళ్ళు పోసుకుంటున్నా సరే.

అదంతా ఆమె ఓర్చుకుంది. ఈరోజు గోడ మీద కనబడినదాన్ని మాత్రం ఓర్చుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

‘పొద్దంత సమ్మె టెంట్‌ల కూసుంటది. మాపటికి పదో తరగతి పిల్లలకు దొంగతనంగ పాఠాలు చెప్తది. స్నేహలత టీచర్ ఏ దిక్కున్నట్టు?’

స్నేహలత పరశురాం చెల్లెలు. సర్కారు బడిలో టీచరు, ఇదే ఇంట్లో పైగదిలో ఉంటుంది. సకల జనుల సమ్మె మొదలయినప్పటినుంచి బళ్ళు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు, బొగ్గు లేక కరెంటు రోజంతా వస్తూ పోతూ ఉంది. రాందాస్ చౌరస్తాలో వేసిన టెంటులో ఆడవాళ్ళ వరుసకు ముందు కూర్చునేది స్నేహలతే. అలాంటి మనిషిని పట్టుకుని ఏ దిక్కున్నట్టు అని అడిగాడు ఎవడో.

సాయంత్రం టెంటు దగ్గర గోడ చదవడం పద్ధతి. సమ్మె కమిటీ పెద్ద నర్సింగం ఆరోజు గోడ మీద ఉన్న మాటలన్నీ మైకులో చదువుతాడు. ఎవరేం రాసినా దాచకుండా చదవాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. అంటే పొద్దు వాలేసరికి ఈ మాట చౌరస్తా అంతా వింటుంది. సమ్మె రోజుల్లో ద్రోహి అన్న ముద్ర పడితే, రాష్ట్రం వచ్చినా అది పోదు.

“ఒక్క మన ఇంట్లనన్న తుడువు,” అంది సుమన.

“తుడిస్తే పక్కింటి డబ్బా ఊకుంటదా? అయ్యో, పరశురాం ఇంట్ల గీ మాట లేదే అని మల్ల తెచ్చి వెడ్తది.”

“మంచిగ నేర్పినవ్ డబ్బాలకు! మనుషులకు లేని ప్రేమ డబ్బాలకు నేర్పినవ్.”

లోపలిగదిలోంచి అత్తగారు ఐలమ్మ కేక వేసింది. “ఫ్యాను తిరుగుతలేదేందే సుమనా? ఉడికి సస్తున్న.”

“కరెంటు పోయింది అత్తా.”

“కరెంటు వోతే ఆ బ్యాటరీది తిరగాలె గద?”

“ఆ బ్యాటరీ రామాయంపేట మెకానిక్ దగ్గర ఉన్నదట. బస్సులు నడిచినంక వస్తదట. నీ కొడుకునే అడుగు.”

పరశురాం ఏమీ వినబడనట్టు లాప్‌టాప్‌లోకి వంగాడు.

అప్పుడే స్నేహలత పైనుంచి దిగింది. మెడలో కండువా, చేతిలో నీళ్ళ సీసా. ఆమె తనే పళ్ళెంలో అన్నం పెట్టుకుని, చారు పోసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని తినసాగింది. ఆ నిదానం సుమన చూడలేకపోయింది. ఏడిస్తే బాగుండు, తిడితే ఇంకా బాగుండు.

“స్నేహా, చూసినవా?”

“చూసిన.”

“ఎవడు రాసిండో తెలుస్తే వాని నోట్ల మన్ను గొడుత.”

“ఉండనీ వదినా.”

“ఎట్లుండనిస్త?”

స్నేహలత లేచింది. చెయ్యి కడుక్కుని అన్న వైపు తిరిగింది. “అన్నా, నిజంగనే ఎవ్వలు తుడువలేరా? నువ్వు గూడ?”

పరశురాం తల వంచుకున్నాడు. “నేను గూడ.”

ఆమె తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆశ చచ్చిన మనిషి అడిగిన మాటలా అనిపించింది సుమనకు. ఆమె దుఃఖమంతా కోపమై మొగుడి మీదికి మళ్ళింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తను పదో తరగతి తప్పిన పిల్ల. పనులన్నీ అయ్యాక వంటింట్లో కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పకుండా లెక్కలు నేర్పి పరీక్ష గట్టెక్కించింది ఈ ఆడబిడ్డే. ఆమెను నలుగురిలో నిలబెట్టి దులుపుతుంటే చూస్తూ కూర్చోవాలా?

“కరెంటు వోయినప్పుడు డబ్బాలన్ని పండుకుంటయి గద?” అని అడిగింది ఉన్నట్టుండి.

“పండుకుంటయి.”

“పండుకున్నప్పుడు పక్కింటికి అందియ్యయి గద?”

పరశురాం తల ఎత్తాడు. “అందియ్యయి.”

“నేను ఇంటింటికి పోయి పెన్‌డ్రైవులు పట్టుకొస్త. కరెంటు వచ్చేలోపల నువ్వు గా లాప్‌టాప్‌ల వెట్టి గీ ఒక్క మాట తీసెయ్యి. మల్ల ఎవలవి వాళ్ళకు ఇచ్చొస్త. అన్నిట్లకెళ్ళి పోయినంక ఎవడు ఎవనికి అందిస్తడు?”

అతను లాప్‌టాప్ పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో గల్లీ నెట్ గురించి భార్య ఇంత తెలిసి మాట్లాడటం అదే మొదటిసారి.

“అయితది. గని జబర్దస్తి చెయ్యొద్దు. ఎందుకు అడుగుతున్నవో చెప్పు. వాళ్ళు ఇష్టపడి ఇస్తేనే తీస్కో. వద్దన్నోళ్ళ ఇంట్లకెళ్ళి నేను తియ్య.”

“చెప్త. నాకు నోరున్నది.”

“ఇంకొకటి...” అంటూ పరశురాం ఖాళీగా ఉన్న ఇన్వర్టర్ స్టాండు వైపు చూసి ఆగిపోయాడు.

“ఏంది?”

“ఏం లేదు. పోయిరా.”

సుమన స్టీలు టిఫిన్ డబ్బా కడిగి తుడుచుకుని బయటపడింది.

మొదట పద్మమ్మ కిరాణా దుకాణం. పద్మమ్మకు ఇచ్చే చెయ్యి ఉంది గాని, ఇచ్చేలోగా అడిగే నోరు అంతకంటే పెద్దది.

“తుడుస్తరా? ఎందుకు? అబద్ధమైతే అబద్ధమని కింద రాయుండ్రి.”

“రాస్తే ఇంకింత లొల్లి అయితది పద్మక్కా. చదువుడే కావద్దు.”

“మొన్న నా పప్పుల పురుగులున్నయని రాసిండ్రు గోడ మీద. మీ ఆయనను బతిమిలాడిన. తుడువరాదు పద్మమ్మా, గది పద్ధతి, అన్నడు. ఇయ్యాల చెల్లె పేరు వస్తే పద్ధతి మారిందా?”

సుమనకు ముఖం చెల్లలేదు. ఆ మాటలో తప్పేముంది? పురుగుల సంగతి తెలిసిన రోజు తను నవ్వింది కూడా.

“నీది గూడ తీపిస్త అక్కా. రెండు ఒక్కసారే పోతయి.”

పద్మమ్మ స్టూలెక్కి డబ్బాలోంచి పెన్‌డ్రైవు లాగి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ గొంతు తగ్గించింది. “నీకు ఎరికెనా? ఇయ్యాల గోడ చదివినంక టీచర్లంత కలిసి పోయి ఊర్ల దొంగచాటు ట్యూషన్లు బందు వెట్టిస్తరట. తాళాలు గూడ తెచ్చిండ్రు. మీ స్నేహలతనే ముంగట నడుస్తదని నర్సింగం అన్నడు.”

“నాతోని అనలే.”

“ఎట్లంటది? ఒక్క దిక్కు తాళం వెయ్యవట్టె, ఒక్క దిక్కు గీ మాట వడె.”

అక్కడినుంచి ఇంటింటా ఇదే తంతు. దవాఖానలో పనిచేసే దావీదు, “ఇయ్యాల ఒకటి తుడిస్తే రేపు ఇంకొకటి తుడువుమంటరు,” అని పాఠం చెప్పి మరీ ఇచ్చాడు. ఒక ఇంట్లో తాము రాసిన పాత మాట ఒకటి ఎవరికీ చెప్పకుండా తీయించమని సుమన చెవిలో చెప్పారు. ఇంకో ఇంట్లో, మా డబ్బా నెలనుంచి సరిగ్గా పనిచెయ్యడం లేదు, అది బాగుచేయిస్తానని మాటిస్తేనే ఇచ్చారు. ఎండ నెత్తి మీద ఉంది. పెద్ద అనేవాడు ఒకడుంటే వాడి కాళ్ళు పట్టుకుంటే పోయేది, ఇప్పుడు గల్లీ అంతా పట్టుకోవలసి వస్తోందని సుమన మొగుణ్ణి మనసులోనే దులిపింది.

చివరిది షాజహాన్ బీ ఇల్లు. గల్లీలో అందరికంటే ఎత్తయిన స్లాబు ఆమెదే. చౌరస్తా వైపు చూసే డబ్బా అక్కడే ఉంది. దాని చలవతోనే టెంటులో కూడా గోడ కనబడుతుందని సుమన లెక్క.

“రా బేటీ. మీదికెళ్ళి నువ్వే తీస్కో. నా మోకాళ్ళు ఎక్కనిస్తలేవు.”

సుమన మెట్లెక్కింది. పైన రేకుల గదిలో చాపలు పరిచి ఉన్నాయి. గోడకు ఒక నల్ల చెక్క, దాని మీద సగం తుడిచిన లెక్క. ఆ అంకెల చేతిరాత ఆమెకు తెలుసు. వంటింట్లో కూర్చుని ఆ అంకెలు చూసే తను పరీక్ష రాసింది.

పెన్‌డ్రైవు తీసుకుని దిగేసరికి షాజహాన్ బీ గ్లాసులో షర్బత్ పోసి ఉంచింది.

“ఖాలా, నిజమేనా?”

“నిజమే. నా మనవరాలు జోహాతోని కలిపి ఎనిమిదిమంది ఆడపిల్లలు. బడి గిట్లనే బందుంటే ఏడాది పోతది. ఏడాది పోతే వాళ్ళ అబ్బాలు ఇగ చదివిస్తరా? నిఖా అంటరు. టీచర్ తానే వచ్చి అడిగింది, ఖాలా, జర జాగ ఇయ్యి అని.”

“నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తే నువ్వు గూడ అబద్ధం ఆడాలె గద, అన్నది.”

సుమన షర్బత్ తాగలేకపోయింది. ముందే భయంగా ఉంది, ఇప్పుడు అది ఇంకా పెరిగింది. అబద్ధమైతే ఎదురు నిలిచి అరవొచ్చు. నిజాన్ని ఏం చేస్తుంది?

“రాసినోడు ఎవడోగాని,” అంది షాజహాన్ బీ, “నా మీద జర రహమ్, దయ ఉన్నోడే. అన్ని రాసిండు, నా ఇల్లు మాత్రం రాయలే.”

ఆ మాట సుమన చెవిన పడింది గాని మనసుకు పట్టలేదు. టిఫిన్ డబ్బా మూత బిగించి ఇంటికి పరుగు తీసింది.

పరశురాం మాట నిలబెట్టుకున్నాడు. ఒక్కొక్క పెన్‌డ్రైవే పెట్టి, ఆ మాట వెతికి తీసేశాడు. పద్మమ్మ పురుగులు కూడా పోయాయి. తీసేటప్పుడల్లా పన్ను పీకించుకుంటున్నట్టు ముఖం పెట్టాడు. సుమన ఆ ముఖం చూడకుండా, తీసినవి తీసినట్టే తీసుకుపోయి ఇంటింటికీ పెట్టి వచ్చింది. అన్నీ అయ్యేసరికి జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

గడపలో కూలబడి నీళ్ళు తాగుతుండగా కరెంటు వచ్చింది. ఐలమ్మ గదిలో ఫ్యాను తిరిగింది. స్లాబు మీద డబ్బాకు పచ్చలైటు వెలిగింది.

“చూడు,” అంది సుమన. “పొయ్యిందా?”

పరశురాం గోడ తెరిచాడు. ఆ మాట లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున్నుంచి మొదటిసారి సుమన నవ్వింది.

ఆ నవ్వు పూర్తయ్యేలోపే పేజీ ఒకసారి కదిలింది. ముందు పద్మమ్మ పప్పులో పురుగులు వచ్చాయి. దాని కింద స్నేహలత టీచర్ ఏ దిక్కున్నట్టు అన్నది వచ్చి కూర్చుంది.

సుమన అరిచింది. ఇల్లు దద్దరిల్లింది.

“ఎక్కడికెళ్ళి వచ్చింది? ఎవల ఇంట్ల వదిలిపెట్టిన నేను? ఒక్కటి గూడ మిగల్చలే గద!”

పరశురాం లాప్‌టాప్ మూత దించాడు. “ఇండ్లల్ల మిగల్చలే.”

“మరి?”

“టెంట్‌ల ఒక డబ్బా ఉన్నది.”

“టెంట్‌లనా? టెంట్‌కు కరెంటే లేదు గద! కరెంటు లేని జాగల డబ్బా ఎట్ల...”

అడుగుతూ అడుగుతూనే ఆమె ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి ఇన్వర్టర్ స్టాండు వైపు చూసింది. దుమ్ములో నలుచదరంగా బ్యాటరీ ఉన్న జాగా మాత్రం శుభ్రంగా ఉంది.

“రామాయంపేట అన్నవ్.”

“నర్సింగం అడిగిండు. మైకుకు గూడ కావాలన్నడు. నీతోని చెప్తే ఇయ్యనియ్యవని...”

“అత్త ఉడికిపోతున్నది ఇంట్ల! నేను ఎండల గల్లీ గల్లీ తిరిగి అందరి కాళ్ళు మొక్కిన. పోయేటప్పుడన్న చెప్పొద్దా?”

“చెప్దామనుకున్న.”

“మన బ్యాటరీ మీదనే గద గీ మాట బతికింది! నీ చెల్లెను తిట్టిన మాటకు నువ్వే కరెంటు ఇచ్చినవ్! పెద్దోడు లేని నెట్ అన్నవ్. అన్ని డబ్బాలు పండుకున్నా మేల్కొని ఉండేది ఒక్కటి ఉండె, అది నీ చేతి కిందనే ఉండె. మరి పెద్దోడివి నువ్వు గాదా?”

పరశురాం ముఖం చూస్తే ఇంకో రోజైతే జాలిపడేది. ఈరోజు ఆమె దగ్గర జాలి మిగల్లేదు. చెప్పులు వేసుకుని చౌరస్తా దారి పట్టింది. వెనకనుంచి అతను పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె టెంటు చేరేసరికి గోడ చదవడం మొదలైంది. రోడ్డుకు అడ్డంగా జనం. ఉద్యోగులు, ఆటోవాళ్ళు, శంకరంపేట నుంచి నడిచి వచ్చిన రైతులు. నర్సింగం ఫోను చూసి మైకులో ఒక్కొక్క మాటే చదువుతున్నాడు. మళ్ళీ పైకి వచ్చిన పద్మమ్మ పురుగులకు జనం ఇంకోసారి పడిపడి నవ్వారు. బల్ల మీద తాళాల సంచి ఉంది. దాని పక్కన కండువా సర్దుకుంటూ స్నేహలత కూర్చుని ఉంది.

సుమన ఎవరినీ పలకరించకుండా టెంటు వెనకనుంచి దూరింది. బల్ల కింద ఉంది ఆమె ఇంటి బ్యాటరీ. దాని మీద ఐలమ్మ పెట్టిన పసుపు బొట్టు ఇంకా ఉంది. ఒక తీగ డబ్బాకు, ఒకటి మైకుకు. రెండింటినీ కలిపి పట్టుకునేంత దగ్గరగా ఉన్నాయి. ఒక్క గుంజు గుంజితే మైకు మూగబోతుంది. నా బ్యాటరీ, నా ఇష్టం అనుకుంది సుమన. ఎవరు అడిగినా అదే చెబుతుంది.

పైన నర్సింగం గొంతు ఆగింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఆయన కళ్ళబడినట్టు గొంతులోనే తెలిసింది.

“టీచరమ్మా,” అన్నాడు మైకును దూరంగా పట్టుకుని. “తర్వాతిది మీ గురించి ఉన్నది. చదువకపోతే మన మాట మనమే తప్పినట్టయితది. నన్ను చదువుమంటరా, మీరే చెప్తరా?”

“ఇటు ఇయ్యండ్రి,” అంది స్నేహలత.

మైకు తీసుకుని లేవబోతూ ఆమె కిందికి చూసింది. బల్ల కింద గొంతుక్కూర్చుని తీగ పట్టుకున్న వదిన కనబడింది. స్నేహలత మైకును అరచేత్తో మూసి వంగింది.

“తియ్యకు వదినా.”

“నువ్వు ఊకో. గుంజేస్త. కరాబైందంటరు, ఇయ్యాలటికి ఆగిపోతది. రాసినోన్ని రేపు దొరకవట్టుకుందం.”

“రాసింది నేనే.”

సుమనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల పైకెత్తి ఆమెను చూసింది.

“ఇయ్యాల ట్యూషన్లకు తాళాలు వెయ్యనీకి నన్నే ముంగట నడువుమన్నరు. వద్దని నోట్లకెళ్ళి మాట రాలే. సమ్మె నాది గాదా? నాదే. పిల్లలు గూడ నా పిల్లలే. ఎటు దిక్కు చెప్పాలె? రాసి వెడితే ఇగ వెనుకకు పోరాదనుకున్న. అన్న గూడ తుడువలేని జాగ ఊర్ల అదొక్కటే ఉండె.”

“ఒక్క మాట నాతోని అంటే ఏమైతుండె స్నేహా?” అంది సుమన. “పొద్దంత తిరిగిన. నీ మాటనే తుడిచిన.”

“నువ్వు తుడుస్తవనే చెప్పలే.”

జనంలోంచి ఎవరో, “చదువుండ్రి, చదువుండ్రి!” అని అరిచారు. ఇంకెవరో ఈల వేశారు. నర్సింగం తాళాల సంచి చేతిలోకి తీసుకున్నాడు.

ఎనిమిదిమంది ఆడపిల్లలు చాపల మీద కూర్చుని ఉండే రేకుల గది సుమన కళ్ళలో మెదిలింది. స్నేహలత ఇప్పుడు నోరు విప్పితే ఆ గది ఎవరికి తెలుస్తుందో, దాని తలుపుకు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? విప్పకపోతే ఆ సంచిలోని తాళం ఆమె చేతికే ఇస్తారు. గుంజితే ఆడబిడ్డ రేపు ఇంటి పళ్ళెంలో అన్నం తింటుంది, కాని వదిన ముఖం చూస్తుందా?

స్నేహలత నిటారుగా నిలబడింది. మైకు మీదినుంచి అరచెయ్యి తీసింది. జనం సద్దుమణిగారు. ఆమె మాత్రం వాళ్ళ వైపు చూడడం లేదు, కిందికే చూస్తోంది, వదిన చేతి వైపు.

సుమన వేళ్ళు తీగ మీదే ఉన్నాయి.